సముద్రం రాదని నేను రాసిచ్చిన హామీ

బాపట్ల జిల్లా కలెక్టరు గారి సముఖమునకు,

రేపల్లె అవతల మడపాలెం గ్రామ ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం బోధించు షేక్ గౌస్ మొహిద్దీన్, గ్రామ రెవెన్యూ అధికారిణి చంద్రకళ గారి చేతి మీదుగా పంపుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మడపాలెం గ్రామంలోకి సముద్రం రాదని నేను వ్రాతమూలకంగా ఇచ్చిన హామీని రద్దు చేసి, నన్ను నా భార్యాబిడ్డలతో సహా ఈ రోజే, పగటిపూటే, ఊరందరూ చూస్తుండగా అరెస్టు చేయించుట గురించి.

పై విషయం చదివి తమరు నాకు మతి చెడిందని అనుకోవచ్చును. నా భార్య ఆస్మా కూడా మొదట అలాగే అనుకున్నది. పూర్తిగా విన్న తర్వాత 'త్వరగా రాయండి' అన్నది. కావున తమరు కూడా చివరి వరకు చదవ ప్రార్థన.

1. నేను తెనాలి వాస్తవ్యుడను. తెనాలి నుంచి రేపల్లె దాకా రైలు, అక్కడి నుంచి షేర్ ఆటో, ఇలా కొన్నేళ్ళు బడికి వచ్చి పోయాను. రేపల్లెతో రైలు పట్టా అయిపోతుంది. పట్టా అయిపోయిన తర్వాత కూడా ఊళ్ళుంటాయని, అందులో ఒకటి నన్ను పట్టుకుని వదలదని అప్పట్లో నాకు తెలియదు. పదో తరగతికి వాతావరణ మార్పు, భూకంపాలు, సునామీలు బోధించుట నా విధి. మీ ప్రాంతానికి పొంచి ఉన్న విపత్తులు గుర్తించి పటం గీయండి అని పిల్లలకు ప్రాజెక్టు పని ఇచ్చాను. శ్రావణి అనే అమ్మాయి గీసిన పటం అన్నిటికంటే బాగుంది. సముద్రమట్టం పెరిగితే ఊరు ఏమవుతుందో చూపిస్తూ నీలం రంగు వేసింది. ఆ నీలం మడ అడవిని, కరకట్టను, వలలు బాగుచేసుకునే పాకను దాటి బడి జెండా స్తంభం దాకా వచ్చింది.

"రంగు కాస్త ఎక్కువైందేమోనమ్మా," అన్నాను.

"మీరు చెప్పిన లెక్కేనండి సార్," అన్నది.

లెక్క నాదే గనుక ఊరుకున్నాను. ఈ జనవరిలో బాపట్లలో జరిగిన ప్రదర్శనలో ఆ పటానికి రెండో బహుమతి వచ్చింది. 'మునిగిపోనున్న మడపాలెం' అని పేపర్లో ఫొటో పడింది. ఆ రోజు స్టాఫ్ రూములో అందరికీ టీ ఇప్పించాను. ఈ సంవత్సరంలో నేను సంతోషంగా ఉన్న రోజు అదొక్కటే.

2. శ్రావణి తండ్రి లక్ష్మయ్య గారు ఊళ్ళోని మత్స్యకారులందరికీ పెద్ద. ఆయన కొడుకు గోపీకృష్ణకు చీరాల అవతలి ఊరి నుంచి పెళ్ళి సంబంధం దాదాపు ఖాయమైంది. పేపరు చూసి పిల్ల తరఫువారు ఫోన్ చేసి, మునిగిపోయే ఊరికి పిల్లనివ్వలేమండి అన్నారు. వారిదీ సముద్రపు ఒడ్డే. కాకపోతే వారి ఊరి పటం ఎవరూ గీయలేదు. అదే వారంలో ఊళ్ళో మరి రెండు సంబంధాలు వెనక్కి పోయాయి. రొయ్యల చెరువులు లీజుకు తీసుకునే పొన్నూరు ఆసామి ఇటు రావడం మానేశాడు. గోపీకృష్ణ చెల్లెలితో మాట్లాడటం మానేశాడు. ఆ పిల్ల క్లాసులో అట్లాసు తెరవడం మానేసింది.

3. తదుపరి నన్ను వలల పాకలోకి పిలిపించారు. అక్కడ జరిగిన సంభాషణ ఉన్నదున్నట్టు విన్నవించుకొనుచున్నాను.

"ఏంటి మాస్టారూ, మా ఊళ్ళోకి సముద్రాన్ని తెచ్చారంట?" అన్నారు లక్ష్మయ్య గారు.

"నేను తేలేదండి. వచ్చే ప్రమాదముందని పుస్తకంలో ఉంది."

"ఎప్పుడొచ్చిద్దంట?"

"తేదీ చెప్పలేమండి. నెమ్మదిగా వస్తుంది."

"తేదీ తెలీనప్పుడు రంగెందుకు ఏయించారు మరి?"

నేను కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాను.

"సరే, రాదని రాసివ్వండి," అన్నారు.

"రాదని ఎలా చెబుతానండి?"

"వచ్చిద్దని ఎట్టా చెప్పారో అట్టాగే చెప్పండి."

ఒక మూల గోపీకృష్ణ తలవంచుకుని కూర్చున్నాడు. పాక బయట శ్రావణి నిలబడి ఉంది, లోపలికి రానివ్వలేదు. ఆ పిల్ల ముఖం చూసి నేను సంతకం పెట్టాను. జాలిపడి పెట్టానని తమరు రాసుకోవచ్చు. భయపడి పెట్టానని రాసుకున్నా నాకు అభ్యంతరం లేదు. 'మడపాలెం గ్రామంలోకి సముద్రం రాదని ఇందుమూలముగా హామీ ఇచ్చుచున్నాను' అని దానిలోని పాఠం. రేపల్లెలో జిరాక్సులు తీయించి సంబంధాల వారందరికీ పంపారు. ఆశ్చర్యమేమంటే, పనిచేసింది. గోపీకృష్ణ సంబంధం తిరిగి కుదిరింది. చదువుకున్న మాస్టారే రాసిచ్చాక ఇంకేంటి అనుకున్నారట.

4. అంతటితో పోతే నేను ఈ అర్జీ పెట్టుకొనేవాడిని కాదు. మడపాలెంలో తాతల నాటి కట్టుబాటు ఒకటి ఉన్నది. ఏరు సముద్రంలో కలిసే ఏటిమొగలో గాలీ పోటూ చూసి, 'ఈ చోటు బాగుంది, పడవలు ఇక్కడ కట్టండి' అని ఎవరు చెబుతారో, వారి పడవ అన్నిటికంటే బయట, సముద్రం వైపు కట్టాలి. మిగతా పడవలు దానికి లోపల కడతారు. చెప్పినవాడు తన తాడు విప్పుకుని పోకూడదు. అందులో న్యాయం ఉన్నది, కాదనను. అయితే అది పడవల సంగతి. సంతకం పెట్టిన సాయంత్రమే దాన్ని నాకు వర్తింపజేశారు. కరకట్ట అవతల, ఏటి ఒడ్డున, ఊరికి చివరగా ఉన్న ఇల్లు నాకు చూపించారు. ఆస్మాను, మా అమ్మాయి సుమయాను తెనాలి నుంచి తెచ్చి అందులో కాపురం పెట్టాను.

వచ్చిన కొత్తలో ఒక తెల్లవారుజామున లేచి చూస్తే ఏట్లో నీళ్ళు బాగా వెనక్కి పోయి బురద కనిపిస్తున్నది. సునామీకి ముందు సముద్రం వెనక్కి పోతుందని పాఠం చెప్పేవాణ్ణి కదా, పరుగున వెళ్ళి ఆస్మాను లేపాను. ఆమె అప్పటికే ఇరుగుపొరుగుతో కలిసి అన్నీ తెలుసుకుని ఉంది. "అది పాటు, నీళ్ళు తీసే వేళండీ. రోజూ పోయిద్ది, రోజూ వచ్చిద్ది. పడుకోండి," అన్నది.

ఊరివారి ప్రేమకు లోటు లేదని కూడా విన్నవించవలెను. వేటకు వెళ్ళి వచ్చిన పడవలో మొదటి చేప మా ఇంటికే వస్తుంది. రంజాన్ నెలంతా ఎవరో ఒకరు సాయంత్రం వేళకు ఖర్జూరాలు తెచ్చి గుమ్మంలో పెట్టి పోయేవారు. ఇంత ప్రేమ నాకు తెనాలిలో కూడా దొరకలేదు. కాకపోతే ఈ ప్రేమకు గొళ్ళెం బయటివైపు ఉన్నది.

5. వేసవిలో మా అమ్మ జానీ బీకి కంటి ఆపరేషన్ అంటే ముగ్గురం సంచి సర్దుకుని తెనాలి బయలుదేరాము. రేపల్లె స్టేషనులో టికెట్లు తీసుకుంటుండగా బయట ట్రాక్టర్ల చప్పుడు. చూస్తే మడపాలెం మొత్తం దిగింది. గ్యాస్ సిలిండర్లు, కోళ్ళ గంపలు, పరుపులు, ఒక ట్రక్కులో గేదె. ఆకాశంలో మబ్బు తునక లేదు.

"చెప్పకుండా పోతన్నారేంటి మాస్టారూ? ఎంత దూరంలో ఉందేంటి?" అన్నారు లక్ష్మయ్య గారు, రొప్పుతూ.

"ఏదండి?"

"సముద్రం."

అమ్మకు కంటి ఆపరేషనని చెప్పాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ ట్రాక్టర్లలోనే ఊరికి తిరిగొచ్చాము. మరునాడు పాకలో మాత్రం ఎవరూ నవ్వలేదు. మా ముగ్గురూ ఒకేసారి ఊరు దాటరాదని, ఇంట్లో ఎప్పుడూ మనిషి మెదులుతూ కనిపించాలని తీర్మానం చేశారు. బక్రీదుకు నేనొక్కడినే తెనాలి వెళ్ళాను. కంటికి నల్లద్దాలు పెట్టుకున్న మా అమ్మ "కోడలేదిరా, పిల్లేదిరా?" అని అడిగింది. తాకట్టులో ఉన్నారమ్మా అని చెప్పలేక, పిల్లకు పరీక్షలన్నాను. పండగ పూట ఏం పరీక్షలని ఆమె అడగలేదు. క్యారేజీలో బిర్యానీ పెట్టి ఇచ్చింది. రైల్లో దాన్ని ఒళ్ళో పెట్టుకుని రేపల్లె దాకా ఏడ్చాను. ఇది అర్జీలో అనవసరం. అయినా తీసివేయడం లేదు.

6. బోధన విషయము. జూన్‌లో కొత్త పదో తరగతి వచ్చింది. మార్చి పరీక్షల్లో సోషల్ తప్పిన శ్రావణి కూడా మళ్ళీ వచ్చి వారితో కూర్చుంటున్నది. ఆ అమ్మాయి తప్పడానికి కారణం తమరికి ఈపాటికి అర్థమై ఉంటుంది. ఊరి పెద్దలు నన్ను పిలిచి, "జపాను దాకా ఎంతైనా చెప్పుకోండి మాస్టారూ, ఇటు మాత్రం రావద్దు," అన్నారు. కావున భూకంపాలూ సునామీలూ జపాను వరకు చెప్పి ఆపుతున్నాను. భూ ఫలకాలు ఒకదానికొకటి రాసుకుంటూ కదులుతుంటాయని చెబుతుండగా శ్రావణి లేచి, "సార్, అవి కదలవని ఎవరన్నా రాసిచ్చారాండి?" అని అడిగింది. తరగతిలో ఒక్కరూ నవ్వలేదు. అందరూ నా జవాబు కోసం చూశారు.

యూనిట్ పరీక్షలో 'తుపాను సమయంలో తీరప్రాంత ప్రజలు తీసుకోవలసిన జాగ్రత్తలు ఏవి?' అని ప్రశ్న వచ్చింది. సగం మంది పిల్లలు 'మొదట మాస్టారి ఇంటి దండెం మీద బట్టలు ఉన్నాయో లేదో చూసుకోవలెను' అని రాశారు. మా ఊళ్ళో నిజంగా జరిగేది అదే గనుక తప్పని కొట్టలేకపోయాను. ఒప్పని మార్కులు వేయడానికీ చెయ్యి రాలేదు. ఆ పేపర్లు ఇంకా దిద్దకుండానే ఉన్నాయి.

7. అక్టోబరులో తుపాను హెచ్చరిక వచ్చింది. బస్సులు వచ్చాయి. జనం గుమ్మాల్లో కూర్చుని మా ఇంటి వైపు చూస్తున్నారు తప్ప కదలరు. చంద్రకళ గారు వానలో తడుస్తూ వచ్చి, "మీరు ఎక్కితేగాని ఎవరూ ఎక్కరంట మాస్టారూ. మీకు దణ్ణం పెడతాను, పదండి," అన్నారు. మేము ఎక్కాము. మా వెనకే బస్సులన్నీ నిండాయి. రేపల్లెలో ఒక కల్యాణ మండపంలో పడుకున్నాము. తెల్లవారేసరికి తుపాను దారి మార్చుకుని ఎటో పోయింది, ఎండ కాసింది.

పెళ్ళివారు మళ్ళీ ఫోన్ చేశారు. సముద్రం రాదన్నారుగా, మరి అంతమందీ ఎందుకు పరిగెత్తారు అని. గోపీకృష్ణ పెళ్ళి ఆగినంత పనైంది. బతిమాలి, మార్గశిరంలో ముహూర్తం పెట్టించుకున్నారు. నా చేత రెండో కాగితం రాయించారు: 'తుపాను హెచ్చరిక వచ్చినను నేను గాని, నా కుటుంబ సభ్యులు గాని బస్సు ఎక్కబోము.' సముద్రం వచ్చి మునిగినవారిని తమరు చూసి ఉంటారు. రాకపోవడం వల్ల మునిగినవాడిని నేను.

8. ఇప్పుడు మళ్ళీ హెచ్చరిక వచ్చింది. ఈసారి దారి మార్చుకునే సూచనలు లేవని ఫోన్లు మోగుతున్నాయి. నిజాంపట్నం రేవులో ప్రమాద సూచిక ఎగరేశారు. నిన్న బస్సులు వచ్చి ఖాళీగా తిరిగి వెళ్ళాయి.

నీకు బుద్ధి లేదా, కాగితం అవతల పారేసి బస్సు ఎక్కరాదా అని తమరు అడగవచ్చు. నిన్న అదే చేశాను. ఆస్మానూ సుమయానూ తీసుకుని బస్సు మెట్టు మీద కాలు పెట్టాను. ఎవరూ నన్ను పట్టుకోలేదు. గోపీకృష్ణ మాత్రం దగ్గరికి వచ్చి, "మీరెళ్ళండి మాస్టారూ, అడ్డం రాను. కానీ మీరెక్కితే మాట తప్పినట్టు. మాట తప్పినోడి ఎనకాల మేమెట్టా ఎక్కుతాం?" అన్నాడు. కోపంగా అనలేదు. ప్రాధేయపడుతున్నట్టే అన్నాడు.

అంటే నేను ఎక్కకపోయినా వారు ఎక్కరు, ఎక్కినా ఎక్కరు. వెనక్కి తిరిగి చూస్తే నా పదో తరగతి పిల్లలు వరసగా నిలబడి ఉన్నారు. కాలు కిందికి దించాను. ఇంటికి వచ్చాక ఆస్మా ఒకే ఒక్క మాట అన్నది. "మీరు సంతకం పెట్టారు, మీ పెళ్ళాన్ని కాబట్టి నేనుంటాను. సుమయా ఏం సంతకం పెట్టిందండీ?"

అయ్యా, నాకు భయంగా ఉన్నది. ఈ ఊళ్ళో పాలు తాగే పిల్లలున్నారు, మంచం దిగలేని ముసలివాళ్ళున్నారు. వాళ్ళందరూ మా దండెం మీద బట్టలు చూసుకుని ధైర్యంగా ఉన్నారు. ఆ బట్టలు తీస్తే మాట తప్పినవాణ్ణి. తీయకపోతే ఏమవుతానో ఇక్కడ రాయను.

9. ఈ ఉదయం లక్ష్మయ్య గారు మా ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చున్నారు. ఆస్మా టీ ఇచ్చింది. నా వైపు చూడకుండా ఏటి వైపు చూస్తూ మాట్లాడారు.

"మాస్టారూ, బయట పడవోడు తాడు తనే ఇప్పుకుంటే తప్పు. అది మీకు తెలుసు."

"తెలుసండి."

"అదే ఇంకెవరన్నా వచ్చి కోసేశారనుకోండి, ఆడి తప్పేం లేదు. మాట నిలబడ్డట్టే."

"మరి లోపలి పడవలు?"

"బయటది పోయినాక లోపలియ్యి ఆగవు కదండీ. అన్నీ ఇప్పుకోవాల్సిందే. ఎవర్నీ ఎవరూ ఏమనరు."

టీ గ్లాసు కింద పెట్టి వెళ్ళిపోయారు. ఆయన ఇంత అవసరంగా వచ్చి పడవల గురించి ఎందుకు చెప్పారా అని చాలాసేపు ఆలోచించాను. అర్థమైన వెంటనే ఈ అర్జీ మొదలుపెట్టాను.

కావున తమరిని కోరుకొనునది ఏమనగా: ఈ అర్జీ చేరిన వెంటనే ఒక పోలీసు జీపును మా ఇంటికి పంపవలెను. జీపు వలల పాక ముందు నుంచి, పెద్ద వీధి గుండా, నెమ్మదిగా రావలెను. నన్ను చెయ్యి పట్టుకుని బయటికి ఈడ్చవలెను. నేను రానని కాసేపు గింజుకుంటాను, దానిని నిజమని భావించరాదు. ఏ నేరం కింద అని అడిగితే, ప్రభుత్వ అనుమతి లేకుండా సముద్రం తరఫున హామీ ఇచ్చినందుకు అని గట్టిగా, పాక దాకా వినిపించేలా చెప్పించవలెను. రెండు కాగితాలూ చెల్లవని ముద్ర వేసి, ఒక ప్రతి పెళ్ళివారికి కూడా పంపవలెను. ఊరు ఖాళీ చేసింది భయపడి కాదు, కలెక్టరు గారి ఉత్తర్వు మీద అని అందులో ఒక ముక్క రాయించితే గోపీకృష్ణ పెళ్ళి నిలబడుతుంది. బస్సులను మాత్రం జీపు వెంట తేకుండా మలుపు దగ్గర ఆపి ఉంచవలెను. ముందే కనబడితే వీరికి ఎక్కడానికి సిగ్గు.

ఇంతకుముందు ఒక కార్యాలయంలో ఈ హామీ రద్దు చేయమని అర్జీ ఇస్తే, సమస్య పరిష్కరించబడినది అని నా ఫోనుకు మెసేజ్ వచ్చింది. ఈసారి మెసేజ్ వద్దు. జీపు కావాలి.

ఈ నా మొరను సముద్రం కంటే ముందుగా తమరు చిత్తగించవలెను.

తమ విధేయుడు,
షేక్ గౌస్ మొహిద్దీన్
కరకట్ట అవతల ఇల్లు, మడపాలెం

తా.క.: అర్జీ మడిచి చంద్రకళ గారి చేతికి ఇవ్వబోతుంటే శ్రావణి పరిగెత్తుకుంటూ వచ్చింది. ఏం రాశారని అడిగితే చెప్పాను. "సార్, జీపును మా ఇంటి ముందు కాసేపు ఆపమని కూడా రాయండి," అన్నది. ఎందుకమ్మా అన్నాను.

"జీపు ఆగితే మా నాన్న ముందు బయటికొస్తాడండి. మూట కట్టి తలుపు ఎనకాల పెట్టాడు. అన్నయ్య పెళ్ళి బట్టలు కూడా అందులోనే ఉన్నాయి. పక్కింట్లోనూ ఉంది. పెరుగు కోసమని చెప్పి వీధంతా తిరిగి చూసొచ్చానండి. అందరిళ్ళల్లోనూ తలుపు ఎనకాల మూటలున్నాయి సార్. ఎవరికి వాళ్ళు తమదొక్కటే అనుకుంటన్నారు."

అయ్యా, ఇది పాటు వేళ. ఈపాటికి ఏట్లో నీళ్ళు వెనక్కి పోయి బురద కనిపించాలి. కనిపించడం లేదు. నీళ్ళు మా మెట్టు దగ్గర ఉన్నాయి. ఆస్మా కూడా చూసింది, ఈసారి పడుకోండి అనలేదు.

మా మూట కూడా తలుపు వెనకే ఉన్నది. త్వరగా వచ్చి పట్టుకోండి.